వదినె నీళ్లు తాగితే

వదినె నీళ్లు ముట్టలేదు. ఆయా పళ్లెంలో రెండు గ్లాసులు పెట్టుకుని వస్తే, మూతికి అడ్డం పెట్టుకున్న కొంగు తీయకుండానే చెయ్యి ఊపి, "ఇప్పుడే వద్దు బిడ్డా, ముందుగాల సూడనియ్యి" అంది. ఆయాకు అర్థం కాలేదు, నాకు అయింది. ఆమె ముట్టనప్పుడు నేనెలా ముడతాను, నేనూ వద్దన్నాను. ఇప్పుడు ఆమె లోపల, నేను బయట. కట్లు కట్టే వేళ ఆడవాళ్ల వార్డులోకి మగవాళ్లు రాకూడదని మలయాళీ సిస్టరు పుస్తకం చదివినట్టుండే తెలుగులో చెప్పి, నాకు ఈ వరండాలో బల్ల చూపించి, వదినె మోచేతి కింద చెయ్యి వేసి తీసుకుపోయింది. పచ్చగుడ్డ పరదా కాసేపు ఊగి ఆగింది. ఉగాది ఇంకా రానే లేదు, నిజామాబాదు ఎండ అప్పుడే నెత్తి మాడుస్తోంది, నా గొంతు తడారిపోయింది, గ్లాసులు వచ్చిన దారినే వెనక్కి పోయాయి, నా ఒళ్లో వదినె సంచి మిగిలింది. పొద్దున బోధన్‌లో రైలెక్కేటప్పుడే చెప్పింది. "సూడబోవుడంటే సూడబోవుడే లింగూ. నచ్చేదాంక ఆ ఇంట్ల నీళ్లు ముట్టద్దు. నచ్చితే నేనే అడుగుత." పిల్లను చూడబోయేవాళ్ల పద్ధతి అది. సంబంధం ఖాయమయ్యేదాకా ఆ ఇంటి మంచినీళ్లు గొంతు దిగకూడదు, దిగాయంటే మాట ఇచ్చినట్టే. చావబోయే చోటును చూడటానికి కూడా వదినె అదే పద్ధతి పెట్టింది, పెట్టి నవ్వింది. ఆ నవ్వు ఒక చెంప మీదికే వచ్చింది, రెండో చెంపను రాచపుండు తినేసింది.

చూడటమంటే నాకేం కొత్త కాదు, చూసి చెప్పడమే నా కొలువు. చక్కెర ఫ్యాక్టరీలో ఫీల్డుమ్యాన్‌ని. ఎడపల్లి నుంచి రుద్రూర్ దాకా నా సైకిలు ఎరగని గట్టు లేదు. ఎవరి చెరకు పక్వానికొచ్చింది, ఎవరిది ఇంకొన్నాళ్లు నిలబడాలి అనేది నేను చెప్తేనే కోతకు పర్మిటు. రైతులు నాకంటే తెలివైనవాళ్లు. బాట పక్క సాళ్లకు ఎరువు ఎక్కువేసి, ఎండాకు దూసి, నవనవలాడేలా పెంచుతారు, లోపలెక్కడో పురుగు తొలుస్తూ ఉంటుంది. కొత్తలో నేను గట్టు మీదే నిలబడి, వాళ్లు విరిచిచ్చిన గడ నమిలి, బాగుందని రాసిచ్చి, పైవాళ్లతో తిట్లు తిన్నాను. తరువాత తెలిసింది, మడి నడుమకు పోవాలి, ఆకు మొహం కోసినా పోవాలి, అక్కడి గడ విరిచి నమలాలి. ఇవాళ మళ్లీ గట్టు మీదే కూర్చున్నాను. వరండా ఫినాయిలుతో కడిగారు. సున్నం కొత్తది. కంపౌండు గోడకు బయటి వైపంతా పోయిన ఎలక్షన్ల రాతలు, లోపలి వైపు ఒక్క మరక లేదు. తోటలో తీగ మీద తెల్ల దుప్పట్లు ఆరేశారు, వాటి మీద కూడా ఏ మచ్చా లేదు, నేను లేచి పోయి మరీ చూసి వచ్చాను. బాగుంది అనుకోగానే, పైన పటారం లోన లొటారం కాదని నీకెవరు చెప్పార్రా అని లోపల ఒకడు గొణుగుతాడు. వెంటనే ఇంకొకడు అందుకుంటాడు, ఊకో, మన ఇల్లు ఇంత శుభ్రంగా ఏనాడన్నా ఉందా, ఇంతకంటే ఏం కావాలి అని. ఈ రెండోవాడి తొందర చూస్తే నాకే సిగ్గేస్తోంది. చెరకు నమలక ముందే పర్మిటు రాయడానికి పెన్ను మూత తీసేవాడు వీడు.

కష్టమైతే, అన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు. ఇక కోసేదీ లేదు కాల్చేదీ లేదు, తీసుకుపొండి, ఉన్నన్ని రోజులు ప్రేమగా చూసుకోండి, ఇంట్లో కష్టమైతే ఆర్మూరు రోడ్డు మీద సిస్టర్ల ఇల్లొకటుంది, ఇలాంటివాళ్లను చివరిదాకా చూస్తారు, అన్నాడు. ఆయన అన్ని మాటలు చెబితే నా చెవిలో నిలిచింది ఆ ఒక్క కష్టమైతే. పక్కనే నిలబడ్డ నా భార్య రుక్మాబాయి చెవికి అదసలు తగిలినట్టే లేదు. ఇంటికొచ్చాక మెల్లగా ఎత్తితే ఆమె చేటలో బియ్యం ఏరడం ఆపలేదు. "ఇంట్ల మనిషి ఇంట్లనే ఉండాలె. నేనున్న గద" అంది. అంతే, ఆ మాట అయిపోయినట్టే మళ్లీ బియ్యంలో పడింది. మరి ఫ్యాక్టరీ గేటు దగ్గర తోటి ఫీల్డుమ్యాన్ దేవన్న అడిగినప్పుడు నేనేం చెప్పాను? రుక్మకు చాతనైత లేదన్నా, బీడీలు చుట్టాలె, పిల్లలను సూడాలె, పుండు కడగాలె, ఎంతకని చేస్తది, అన్నాను. నోట్లోంచి అంత సులువుగా ఎలా వచ్చిందో తెలియదు. దేవన్న నా భుజం తట్టాడు. "ఆడోళ్లు గంతే తమ్మీ. అత్త తోటే పడదు వాళ్లకు, తోటికోడలు తోటి పడ్తదా?" అన్నాడు. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. రెండో రోజు ఇంటి ఓనరు భార్యకూ అదే చెప్పాను, ఈసారి నాలుక ఇంకా సాఫీగా తిరిగింది. వాడలో అందరూ రుక్మను అదోలా చూస్తున్నారు, ఆమెకు ఎందుకో తెలియదు, నాకు తెలుసు. పొద్దున వదినెకు తల దువ్వి కొప్పు పెట్టి పంపిస్తూ, "సూసి తోల్కరాండ్రి, పొద్దుగూకకముందే రాండ్రి, ఆమెకు జావ చేసి పెడత" అంది. చూడటానికే పోతున్నామని ఆమె నమ్మింది. నేను కూడా నమ్మినట్టే మొహం పెట్టాను.

బల్లకు ఆ చివర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నేను వచ్చినప్పటి నుంచీ పరదా వైపే చూస్తున్నాడు. చేతులు గోళ్ల దాకా పసుప్పచ్చగా ఉన్నాయి, పసుపు ఉడకబెట్టే రోజులు కదా, మోర్తాడ్ దిక్కు రైతై ఉంటాడు అనుకున్నాను, అడిగితే మోర్తాడే అన్నాడు, పేరు బాలనర్సయ్య. మోర్తాడ్ మా వదినె రాములవ్వ పుట్టినూరు. ఆ ఊరి పేరు వింటే నాకు బండి గుర్తొస్తుంది. మా అన్న పోశన్న చెరకు బండి తిరగబడి దాని కింద పోయినప్పుడు నేను ఇంకా గోలీలాడే వయసులో ఉన్నాను, అమ్మా బాపూ అంతకుముందే పోయారు. దినాలు కాగానే మోర్తాడ్ నుంచి వదినె అన్నలు సవారి బండి కట్టుకుని వచ్చారు. పిల్లలు లేరు, వయసు ఉంది, మారుమనువు చేస్తామన్నారు. ఆమె సామాన్లు బండిలో పెట్టి కూడా పెట్టారు. నేను గడప మీద కూర్చుని ఉన్నాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, పోనీ రమ్మని కూడా అనలేదు. వదినె బండి దాకా పోయి, కాడి మీద చెయ్యి వేసి నిలబడి, "మరి ఈ పోరడు?" అంది. ఎవరింట్లోనన్నా జీతముంచుదామన్నాడు పెద్దన్న. ఆమె తన సామాను తనే దించుకుంది. బండి ఖాళీగా పోయింది. ఎద్దుల మెడ గంటల చప్పుడు ఊరి బయటిదాకా వినపడింది. ఆమె బండిని తిప్పి పంపింది, నేను ఆమెను బండెక్కించి తెచ్చాను. ఇదేం లెక్కరా రాజలింగూ అని అడిగేవాళ్లు ఎవరూ లేరు, అందుకే నేనే అడుక్కోవాల్సి వస్తోంది.

బీడీలు చుట్టింది. చేట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి, పొద్దున కూర్చుంటే దీపాల వేళకు లేచేది. నేను మ్యాట్రిక్కు చదివింది ఆ చేట మీద. నా పళ్లెంలో అన్నం పెట్టి, నువ్వు తినవా వదినె అంటే, చెంపలో చిటికెడు తంబాకు పెట్టుకుని, "నాకు ఆకలైతలేదు, గిది పెట్టుకుంటే ఆకలి సస్తది" అనేది. అదేదో మాయ అనుకునేవాణ్ణి. పుండు ఆ చెంపలోనే లేచింది, సరిగ్గా ఆ చిటికెడు పెట్టుకునే చోటే. డాక్టరు ఇంగ్లీషులో ఏదో పేరు చెప్పాడు, నాకు మాత్రం నేను తిన్న ముద్దలన్నీ ఆ చెంపలో కనపడ్డాయి. ఆమె ఆకలి చచ్చింది, ఇప్పుడు ఆమె వంతు వచ్చింది. మరి ఇంత తెలిసినవాడివి ఆ పుండు వైపు చూడలేవెందుకు? రుక్మ గోరువెచ్చటి నీళ్లలో వేపాకు వేసి కడుగుతుంటే గడప దాటి బయటకు పోతావెందుకు? నా చిన్న బిడ్డ ఆ వాసనలోనే ఆమె తొడ మీద తలపెట్టి కథ చెప్పించుకుంటుంది, మాట సరిగా రాకపోయినా చెప్పించుకుంటుంది. పిల్లకు రాని కంపు నీకే వచ్చిందేం?

కంపు కాదు. కంపైతే అలవాటయ్యేది, ఫ్యాక్టరీ మొలాసిస్ గుంట పక్కన బతికినవాళ్లం. గుటక. ఆమె గుటక చప్పుడు. నేను కంచం ముందు కూర్చుంటాను, గోడ వారగా ఆమె చెంచాతో జావ నోట్లో పోసుకుంటుంది, అది దిగదు, గొంతు పైకి లేస్తుంది, కిందికి పడుతుంది, ఏదో తలుపు బిగుసుకున్నట్టు ఒక చప్పుడు, ఆ తరువాత సగం జావ మూతి చివర నుంచి కారి రొమ్ము మీద పడుతుంది. ఆమె కొంగుతో తుడుచుకుని, నన్ను చూసి, "తిను తిను" అంటుంది. ఆ తిను తిను వినలేక నేను ఫ్యాక్టరీ క్యాంటీనులో తినడం మొదలుపెట్టాను. డ్యూటీ ఎక్కువైందని చెప్పాను. ఆమె నమ్మింది, లేదా నమ్మినట్టు తల ఊపింది, వదినె విషయంలో ఈ రెంటికీ తేడా కనుక్కోవడం నాకు ఎప్పుడూ చాతకాలేదు. అన్నం బాగుందా అంటే బాగుంది, చీర నచ్చిందా అంటే మంచిగుంది, నొప్పి తగ్గిందా అంటే నయమే. ఆమె నోట మంచిగలేదు అనే మాట నేను వినలేదు. ఇవాళ కూడా ఆ పరదా తీసుకుని వచ్చి మంచిగుంది అంటే దాన్ని ఏ చెవితో వినాలి? అందుకే ఆ నీళ్ల పద్ధతి పెట్టినప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది. మాటతో అబద్ధమాడొచ్చు, నీళ్లతో ఎలా ఆడుతుంది, పైగా ఆ విషయంలో ఆమె ఎంత మొండిదో నేను కళ్లారా చూశాను.

ధర్మాబాద్ దిక్కు, రుక్మ తండ్రి తుకారాం మామ ఇంట్లో, వైశాఖం ఎండలో. రుక్మను చూడటానికి పోయాం, వదినె, నేను, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు. మట్టిబాటన సగం దూరం నడిచి పోయాం, పెదాలు పగిలి ఉన్నాయి. వాళ్లు వంగి వంగి ఇత్తడి చెంబులతో నీళ్లు తెచ్చారు, మజ్జిగ తెచ్చారు, మరాఠీ కలిపిన తెలుగులో బతిమిలాడారు. వదినె చెంబు అంచు కూడా తాకలేదు. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు కదా, ఆమె ఇల్లు చూసింది. కుండల కింద నాచు ఉందేమో చూసింది, బర్రెల కొట్టం చూసింది, పిల్లను చూసింది కానీ ఎక్కువసేపు చూడలేదు. పిల్ల బాగుంది, నాకు అక్కడే పానం లాగుతోంది, వదినె మాత్రం, వెనక అర్ర ఎందుకు మూసి ఉంది అని అడిగింది. వాళ్లు మొహమాటపడ్డారు. అందులో రుక్మ వాళ్ల అవ్వ ఉంది, మంచం పట్టి చాలా కాలమైంది, చూడబోయినవాళ్లకు ఏం చూపిస్తామని మూశారు. వదినె తలుపు తీయించి లోపలికి పోయి, చాలాసేపు రాలేదు. నేను బయట బల్ల మీద ఇలాగే కూర్చున్నాను, ఇలాగే గొంతెండి. అప్పుడు ఆమె వచ్చి, తుకారాం మామ ముందు నిలబడి, "ఏదీ, నీళ్లియ్యుండ్రి" అంది. గటగటా తాగింది, చప్పుడు చేస్తూ, గడ్డం మీది నుంచి కారేలా తాగింది, ఇంకో చెంబు అడిగింది. దారిలో నాకు చెప్పింది. "ముసలిదాని ఈపు తడిమి సూసిన లింగూ. ఒక్క పుండు లేదు. తల దువ్వి ఉన్నది. ఎవరు సూస్తరవ్వా నిన్ను అంటే మనుమరాలు అన్నది. పిల్ల నీకు గాదురా, నాకు." అని నా వీపు మీద ఒక్కటి చరిచి నవ్వింది. అప్పుడు రెండు చెంపలూ ఉండేవి.

పిల్ల నాకు, అంది. తన ముసలితనానికి తన చేతులతో ఏరుకుంది, చెరకు మడి నడుమ దాకా పోయి గడ విరిచి చూసుకున్నట్టు చూసుకుని ఏరుకుంది, నేను ఆ ఒక్క ఆసరా లాక్కుని ఫినాయిలు వాసన వచ్చే చోటుకు తెచ్చాను, తెచ్చి ఆ ఏరుకున్న పిల్ల మీదే నెపం పెట్టాను. ఇంతకంటే తక్కువవాడు బోధన్‌లో ఉంటాడా? లోపలి నుంచి ఒక మూలుగు వినపడింది, ఆడగొంతు, ఎవరో పాపం. దాని వెంటే ఒక గొంతు మెల్లగా, "అయిపోయింది, అయిపోయింది, ఇంకొక్కటే" అంటోంది. తిడుతున్నారా బుజ్జగిస్తున్నారా అని చెవి పెట్టాను. బుజ్జగింపే. ఛ, బుజ్జగింపే అని తెలిసి గుండెలో ఒక మూల చల్లబడింది, ఇంకో మూల మాత్రం ఆశపడింది, ఒక్కసారి గట్టిగా కసిరితే బాగుండు, ఏ పాత్రో విసిరేస్తే బాగుండు, పద వదినె మన ఇంటికి పోదాం, ఇది మనుషులుండే చోటు కాదు అని సంచి భుజాన వేసుకుని లేచేవాణ్ణి. ఆ మాట అనడానికి నాకు వాళ్ల తప్పు కావాలి. వాళ్ల తప్పు లేకుండా అనలేనా? పద పోదాం, అన్నవి ఎన్ని అక్షరాలు?

బాలనర్సయ్య నా వైపు తిరిగాడు. చాలాసేపటి నుంచి అడగాలని ఉండి అడగలేనిది అప్పుడు అడిగేశాను, మంచిగ చూస్తారా పటేలా ఇక్కడ, అని. ఆయన పచ్చటి చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని ఆలోచించాడు. భార్య లోపల ఉందట, గర్భసంచిలో పుండు, కొడుకులు ఇద్దరూ ఉన్నారట, పసుపు అంగడికి వచ్చినప్పుడల్లా ఆయన వచ్చి కూర్చుంటాడట. "అబద్ధమెందుకు తమ్మీ, మంచిగనే సూస్తరు. మన ఇంట్లకంటె మంచిగ సూస్తరు. యాళ్లకు మందు, యాళ్లకు బువ్వ, పక్క తడిస్తే గడియల మారుస్తరు. దేనికి లోటు లేదు" అన్నాడు. నా ప్రాణం కుదుటపడుతుండగానే ఆయన మళ్లీ అన్నాడు. "కొత్తల నేను వచ్చినప్పుడల్లా అడిగేది, ఎన్నడు తోల్కపోతవయ్యా అని. గిప్పుడు అడుగుడు బంద్ చేసింది. వానలు పడ్డయా, పసుపు ఎట్లున్నది, గంతే. గదొక్కటే నాకు లోటు కొడ్తది." చెప్పేసి మళ్లీ పరదా వైపు తిరిగాడు. అడగకపోయినా బాగుండేది అనుకున్నాను. ఇంతకంటే పక్కాగా ఈ ఇంటి గురించి ఎవరు చెప్పగలరు? మడి నడుమ గడ విరిచి నా చేతికిచ్చాడు, నమలడం నా వల్ల కావడం లేదు.

సంచి ఒళ్లో బరువుగా ఉంది. పొద్దుటి నుంచి మోస్తున్నాను, ఇప్పుడే బరువు తెలుస్తోంది. చూసి సాయంత్రానికి తిరిగిపోయే మనిషికి ఇంత సంచి ఎందుకు? పైనుంచి తడిమాను. మెత్తగా చీర మడత, ఒకటి కాదు, రెండో మూడో. దువ్వెన పళ్లు గుచ్చుకున్నాయి. అడుగున ఏదో గుండ్రంగా, గట్టిగా తగిలింది, మెడ సన్నగా, అంచు వంపు తిరిగి. ఇత్తడి చెంబు. ఆమె చెంబు, అన్నతో పెళ్లైన నాడు మోర్తాడ్ నుంచి తెచ్చుకున్నది, ఆ బండిలోంచి తనే దించుకున్న సామానులో మొదట దించుకున్నది. దాన్ని ఆమె పెళ్లిళ్లకు తీసుకుపోదు, జాతరకు తీసుకుపోదు. ఇల్లు మారినప్పుడు తీసుకుపోతుంది. రుక్మ తల దువ్వుతుండగా, పిల్లలు చుట్టూ తిరుగుతుండగా, ఆమె ఎప్పుడు పెట్టుకుందో ఎవరం చూడలేదు. అంటే ఆమె చూడటానికి రాలేదు. రైలు కిటికీలోంచి జానకంపేట దాకా చెరకు మళ్లను వదలకుండా చూసింది, అదేం చూపో అప్పుడు నాకు తట్టలేదు, టిఫిను తింటావా అని అడిగాను, తినలేని మనిషిని. నా మొహం చదివే పొద్దున సంచి కట్టుకుంది. సూడబోవుడు, నీళ్లు, నచ్చితే అడుగుత, ఇదంతా నాకోసం పెట్టిన ముచ్చట, నేను తెచ్చి వదిలేశానని అనుకోకుండా ఆమె చూసుకుని ఒప్పుకుందని అనుకోవడానికి. లేచి నిలబడ్డాను. పరదా తోసుకుని లోపలికి పోయి చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలి, ఇప్పుడే, సిస్టరు ఏమనుకుంటే నాకేం? నిలబడ్డాను, నిలబడే ఉన్నాను. రేపు పొద్దున మళ్లీ ఆ జావ, ఆ గుటక, ఆ తిను తిను. కాళ్లు పరదా వైపు ఒక్క అడుగు వేయలేదు. బాలనర్సయ్య తల ఎత్తి నన్ను చూసి, దించుకున్నాడు. నేను కూర్చున్నాను.

పరదా కదిలింది. ఆయా నాగవ్వ వచ్చింది, ఈసారి చేతిలో పళ్లెం లేదు. "అన్నా, అవ్వ సంచి ఇయ్యమంటున్నది. కట్లు కట్టుడు అయిపోయింది, సిస్టరమ్మ జర వచ్చి పొమ్మన్నది నిన్ను" అంది. సంచి ఆమెకు ఇవ్వలేదు, నేనే పట్టుకుని వెనకే పోయాను. పొడుగాటి గది, కిటికీలకు తెల్ల గుడ్డలు, మంచాల మీద ఆడవాళ్లు, నేను తల దించుకుని నడిచాను. ఆ చివర కిటికీ పక్క మంచం మీద వదినె కూర్చుని ఉంది, కాళ్లు కిందికి వేలాడేసి, కొత్త ఇంట్లో పిల్ల కూర్చున్నట్టు. చెంపకు కొత్త కట్టు కట్టారు, నేను చూడగలిగేలా తెల్లగా ఉంది. పక్క మంచం మీది ముసలామె కళ్లు మూసుకుని ఉంది, చిన్న వయసు సిస్టరొకామె ఆమె కాళ్ల మీద దుప్పటి సరిచేస్తోంది. వదినె నన్ను దగ్గరికి రమ్మంది. ఆమె మాట కట్టు లోంచి వస్తోంది, వంగి వినాల్సి వచ్చింది. "ఆ ముసలామె పుండు కడిగేది మొత్తం సూసిన లింగూ. నా దానికంటె పెద్దగున్నది. కడిగినంతసేపు ఆ పిల్ల మొకం అటు తిప్పలే. నేను గదొక్కటే సూసిన" అంది. నన్ను పొడవాలని అనలేదు. పొడవడం ఆమెకు రాదు, అందుకే అది అంత లోతుకు దిగింది.

"నీళ్లు అడిగి తాగిన" అంది. మంచం పక్క స్టూలు మీద గ్లాసు ఖాళీగా ఉంది. నాకు చూపించింది కూడా, ఒంచి, చుక్క లేదన్నట్టు. నేను గ్లాసును చూడలేదు. ఆమె రైక, కొంగు, నడుము దాకా తడిసిపోయి ఒంటికి అంటుకుని ఉన్నాయి, చీర అంచు నుంచి నేల మీదికి ఒక్కో బొట్టు రాలుతోంది. ఒక్క గుటక కూడా దిగలేదు. గ్లాసు మొత్తం పైన పోసుకున్నట్టే ఉంది. ఆమె నా చూపు చూసి కొంగు తిప్పి కప్పుకుంది. "మంచిగున్నయి నీళ్లు. తియ్యగున్నయి" అంది. నేను తల ఊపాను. నాకు కనపడిందని ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసని నాకు తెలుసు, ఇద్దరం కలిసి ఆ తడిని చూడనట్టు నటించాం. సంచి ఆమె పక్కన పెట్టాను. ఆమె అందులోంచి చెంబు తీసి, స్టూలు మీద గ్లాసు పక్కకు జరిపి, ఆ చోట పెట్టింది. అప్పుడు నా మణికట్టు పట్టుకుంది, బీడీలు చుట్టి చుట్టి నున్నబడిన వేళ్లతో.

"రుక్మ మీద పెట్టకురా లింగూ. రాములవ్వనే ఉంటనన్నది అని చెప్పు. అందరికి గట్లనే చెప్పు." ఎవరు చెప్పారు ఆమెకు? ఎవరూ చెప్పి ఉండరు. గోలీలు దొంగిలించి నిక్కరు జేబులో దాచిన నాడు కూడా ఎవరూ చెప్పలేదు. అప్పుడు చెప్పాల్సింది, పోదాం పద వదినె అని, ఆఖరి బండి ఇంకా పోలేదు, రుక్మ జావ చేసి పెట్టి ఉంటుంది. చెప్పడానికే నోరు తెరిచాను అనుకుంటాను. నాగవ్వ అప్పటికే నా పక్కకు వచ్చి గ్లాసు చాపి నిలబడింది. "పొద్దుటి సంది తాగకపాయె అన్న, గిప్పుడన్న తాగరాదా" అంది. వదినె చెంప మీది కట్టు పైనుంచి నన్నే చూస్తోంది. చెంబు ఒంచి తుకారాం మామ వాకిట్లో తాగిన నాటి కళ్లే అవి. గ్లాసు అందుకున్నాను. గొంతు చప్పుడు చేస్తూ నీళ్లు గటగటా దిగాయి, ఎక్కడా ఆగలేదు. నిజంగానే తియ్యగా ఉన్నాయి. ఆమె చూస్తుండగానే ఇంకో గ్లాసు అడిగాను.